హనీగారి లిఫ్టు

మానవజాతి అనాదిగా రెండు తెగలుగా విడిపోయి ఉంది. భార్యను హనీ అని పిలిచే తెగ ఒకటి, పిలవని తెగ ఒకటి. మొదటి తెగవాళ్ళ ఇళ్ళకు లిఫ్టు ఉంటుంది. రెండో తెగవాళ్ళు మెట్లెక్కుతారు. ఇంతకుమించి చరిత్రలో తెలుసుకోవలసిందేమీ లేదని నా పరిశోధనలో తేలింది.

పరిశోధన అన్నానని నేనేదో పెద్ద చదువు చదివాననుకోకండి. నాది కళ్ళజోళ్ళ దుకాణం. జనానికి గోడమీది అక్షరాలు చూపించి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అని పొద్దస్తమానం అడగడమే నా వృత్తి. రెండో తెగకు చెందిన నేనూ, నా భార్యా, మా అమ్మా ఒక పాత మేడలో మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. ఆ మేడ కట్టిన మహానుభావుడు ఎవరిమీద కోపంతో కట్టాడో గాని, ఒక్కో మెట్టూ ఒక్కో ఎత్తులో ఉంటుంది. అమ్మకు మోకాళ్ళు పట్టేశాక ఆ మెట్లు దిగడం మానేసింది. ఆవిడ వీధిలో కాలుపెట్టి ఏడాది దాటిపోయింది. సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని, "చెప్పులు కుట్టే ఆయన గొడుగు మార్చాడురా", "మొక్కలమ్మే ఆవిడ ఇవాళ రాలేదురా" అని మాకు వార్తలు వినిపిస్తూ ఉండేది. "లిఫ్టున్న ఇల్లేదైనా చూడరా" అని ఒక్కసారే అడిగింది. మళ్ళీ అడగలేదు. అడక్కపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అలాంటి రోజుల్లో మా దుకాణానికి ఒక పెద్దమనిషి వచ్చాడు. మా వీధి చివర కట్టిన ఆరంతస్తుల భవనానికి నివాసుల సంఘం అధ్యక్షుడాయన. ఆ భవనంలో ఐదో అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీగా ఉందని నాకు అప్పటికే తెలుసు. లిఫ్టు ఉందనీ తెలుసు. ఆయన ఒక ఫ్రేము ముక్కుమీద పెట్టుకుని, ఇంకోటి చేత్తో పట్టుకుని, అద్దంలో చూసుకుంటూ ఇంటికి ఫోను చేశాడు.

"హనీ, నల్లది తీసుకోనా, గోధుమరంగుదా? ఓకే హనీ. అలాగే హనీ. ఉంటాను హనీ."

నేను తుడుస్తున్న అద్దాన్ని అక్కడే వదిలేసి, ఫ్లాటు సంగతి ఎత్తి, లిఫ్టు ఉందా అని కూడా అడిగి ఉందనిపించుకున్నాను.

"ఓనరుదేముందండీ, ఎవరడిగితే వాళ్ళకిచ్చేస్తాడు. సంఘం ఒప్పుకోవాలి," అన్నాడాయన. "మాది అల్లాటప్పా భవనం కాదు. మా నియమావళిలో మొట్టమొదటి నియమం మాధుర్యం. మా దగ్గర గొంతు పెంచి మాట్లాడే మనిషి ఉండడు. ఏ తలుపు దగ్గర చెవి పెట్టండి, హనీ, షుగర్, స్వీటీ, ఇవే వినబడతాయి."

"మీరు చెవి పెడతారాండీ?"

"పర్యవేక్షణలో భాగంగా," అన్నాడాయన గంభీరంగా.

"తెలుగులో తియ్యగా మాట్లాడుకుంటే సరిపోదాండీ?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "తెలుగులో తియ్యగా మాట్లాడితే ఏదో పనిపడి వచ్చారనుకుంటారండీ. అదే ఇంగ్లీషులో అయితే సంస్కారం అంటారు. ఆదివారం సాయంత్రం నేనూ మా మిసెస్సూ మీ ఇంటికి మాధుర్య పరిశీలనకి వస్తాం. ప్రత్యేకంగా ఏమీ చెయ్యకండి. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

రోజూ ఎలా ఉంటామో అలాగే ఉండటం నేర్చుకోవడానికి మాకు నాలుగు రోజుల వ్యవధి ఉంది.

అసలు మా ఇంట్లో రోజూ ఎలా ఉంటుందంటే, నా భార్య నన్ను "ఏవండీ" అంటుంది. కోపం వస్తే "ఏవండోయ్" అంటుంది. నేను ఆవిణ్ణి "ఇదిగో" అంటాను. ఈ రెండున్నర మాటలతో మా సంసారం నిక్షేపంలా సాగిపోతోంది. ఇప్పుడందులో తేనె పొయ్యాలి. ఆ పని నావల్ల కాదని తెలిసి మా బావమరిదిని పిలిపించాను. వాడు స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రం నడుపుతాడు. నలభై రోజుల్లో ఎవరిచేతనైనా ఇంగ్లీషు మాట్లాడిస్తానని బోర్డు కట్టాడు. నలభై ఒకటో రోజున ఏమవుతుందన్నది వాడి బాధ్యత కాదు.

వాడొచ్చి, మా ముగ్గుర్నీ వరసగా కూర్చోబెట్టి, మీసం ఒకసారి దువ్వుకుని పాఠం మొదలుపెట్టాడు.

"చాలా తేలిక బావా. తేనె హనీ. పంచదార షుగర్. తియ్యగా ఉంటే స్వీటు, ఆ స్వీటు ముద్దొస్తే స్వీటీ. ఇంకా ముద్దొస్తే స్వీటీ పై."

"పై అంటే?" అంది నా భార్య.

"పై అంటే... స్వీటీ కంటే పైన అన్నమాట అక్కా."

"షుగర్ అంటే జబ్బు కదరా. జబ్బు పేరు పెట్టి మొగుణ్ణి పిలవమంటావా?"

"ఇంగ్లీషులో అది ప్రేమక్కా. మనం మందులు వాడుతున్నాం, వాళ్ళు మాటలు వాడుతున్నారు."

అంతవరకూ అమ్మ శ్రద్ధగా వింది. అప్పుడు నోరు విప్పింది.

"అంతా బాగానే ఉంది నాయనా. వరసలు చెప్పలేదేం?"

"వరసలేంటత్తయ్యగారూ?"

"ఎవరు ఎవర్ని ఏమనాలీ అని. మన దగ్గర పిన్నిని పట్టుకుని వదినా అంటే ఊరుకుంటారా? వదినని మరదలా అంటే పళ్ళు రాలగొడతారు. అంత పెద్ద భాషలో ఇన్ని తీపి మాటలు పెట్టుకున్నారంటే ఒక్కోటి ఒక్కో వరసకే కదా. లేకపోతే అందరికీ ఒకటే చాలదూ?"

మా బావమరిది పైకప్పు వైపు చూశాడు. నాకు తెలీదు అని చెప్పడం వాడి కేంద్రంలో ఏ కోర్సులోనూ లేదు.

"ఉన్నాయత్తయ్యగారూ. కాకపోతే అది ఎడ్వాన్స్‌డ్ కోర్సు."

"మాకు అదే చెప్పు."

వాడు మళ్ళీ మీసం దువ్వుకున్నాడు. అమ్మే చెప్పింది. "తేనె ఎవరూ వండింది కాదు, ముందునించీ ఉన్నది. అంచేత హనీ అన్న మాట ఇంట్లో పెద్దవాళ్ళకి. పంచదార తర్వాతెప్పుడో మిల్లులో చేశారు. అది నడిమివాళ్ళకి. స్వీటీ అంటే తేనె తీపో పంచదార తీపో తేల్చలేదు, కాబట్టి అది చిన్నవాళ్ళకీ వచ్చిపోయేవాళ్ళకీ."

"కరెక్ట్," అన్నాడు బావమరిది గుండెలనిండా ఊపిరి పీల్చుకుని. "గ్రామర్ పుస్తకంలో కూడా అచ్చం ఇలాగే ఉంది."

అంత శాస్త్రీయంగా తేలిపోయాక ఇంక పదవుల పంపకం క్షణంలో పని. అమ్మ హనీ. నేనూ నా భార్యా షుగర్లం. బావమరిది స్వీటీ. నా భార్యకు మాత్రం ఒక సందేహం మిగిలింది.

"అత్తయ్యని పట్టుకుని ఉత్త హనీ అని ఎలా అంటానండీ? మీరు మాత్రం అంత పెద్దావిణ్ణి అలా అంటారా?"

అందుకని హనీగారు అయింది. నన్ను ఉత్త షుగర్ అనడానికి కూడా ఆవిడకు నోరు రాలేదు. అందుకని షుగర్‌గారూ అయింది. కోపం వస్తే షుగర్‌గారోయ్. బావమరిది ఎంత బిగబట్టుకున్నా చివర బావా అన్నది జారిపోతుండటంతో వాడి నోట నేను షుగర్ బావనయ్యాను. పొద్దున లేచింది మొదలు సాధన చేశాం. మూడో రోజుకు కిందింటావిడ ఆదుర్దాగా పైకొచ్చి, "రోజంతా షుగర్ షుగర్ అంటున్నారు, ఎవరికండీ? ఎంతుందిట?" అని పరామర్శించి, చేదు మందేదో చెప్పి వెళ్ళింది.

ఆదివారం సాయంత్రం అధ్యక్షుడూ ఆయన శ్రీమతీ వచ్చారు. మా మెట్లెక్కేసరికి వాళ్ళ మాధుర్యం సగం ఆవిరైపోయింది. కాసేపు ఇద్దరూ ఊపిరితోనే మాట్లాడారు. నేను అమ్మ కుర్చీ దగ్గరికెళ్ళి వినయంగా వంగాను.

"హనీగారూ, సంఘంవాళ్ళొచ్చారు. మీరు లేవకండి, మోకాళ్ళు నొప్పెడతాయి."

దంపతులిద్దరూ హనీ కోసం గది నాలుగు మూలలా చూశారు. చివరికి వాళ్ళ చూపులు అమ్మ మీద ఆగాయి.

"హనీగారంటే..." అన్నాడు అధ్యక్షుడు.

"మా అమ్మండీ."

ఇంతలో వంటింట్లోంచి నా భార్య, "షుగర్‌గారూ, హనీగారి కాఫీలో షుగర్ ఎంత వెయ్యమంటారు?" అంది.

"హనీగారినే అడుగు షుగర్," అన్నాను.

"చెంచాడు చాలమ్మా షుగర్," అంది అమ్మ.

"స్వీటీ, ఈ ట్రే పట్టుకెళ్ళరా," అంది నా భార్య.

స్వీటీ బయటికొచ్చాడు. చెంపలదాకా పాకిన మీసాలు, తలుపుకు సరిపడా భుజాలు. అధ్యక్షుడి శ్రీమతి చేతిలోని పర్సు జారి కిందపడింది.

అమ్మకు మనుషులు దొరికి చాలా రోజులైంది. కాఫీ చేతిలోకి రాగానే కబుర్లకు దిగింది.

"మీ ఇంట్లోనూ ఇవే మాటలటగా. మీవారు మిమ్మల్నేమంటారమ్మా?"

"హనీ అంటారండి," అంది శ్రీమతి కాస్త సిగ్గుపడుతూ.

"మీరాయన్ని?"

"నేనూ హనీ అనే."

"అయ్యో, మీ అత్తగారు లేరా?"

"ఉన్నారండి. మాతోనే ఉంటారు."

"మరావిణ్ణేమంటారు?"

శ్రీమతి భర్త వైపు చూసింది. భర్త కాఫీ వైపు చూశాడు. పెద్దావిణ్ణి ఏమంటారో ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. అసలు ఏమైనా అని ఎన్నాళ్ళయిందో.

"పోనీలెండి," అంది అమ్మ చాలా మెత్తగా. "చూసుకోక పెద్దావిడకి రావలసిన మాట మీరు తీసేసుకున్నట్టున్నారు. ఇవాళ్టినించి ఇచ్చేస్తే సరి."

ఫ్లాటు పోయింది, లిఫ్టూ పోయింది, అమ్మ బాల్కనీకే అంకితమైపోయింది అనుకున్నాను. కాని నేను సంస్కారవంతుల శక్తిని తక్కువ అంచనా వేశాను. తనకు తెలియని ఇంగ్లీషు ముక్క ఇంకొకరికి తెలుసు అని ఒప్పుకునే అధ్యక్షుడు ఇంకా పుట్టలేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కరెక్టేనండీ. అసలు పద్ధతి ఇదే. మేమే ఈమధ్య కాస్త అశ్రద్ధ చేశాం."

"మా కాన్వెంటులో కూడా ఇలాగే చెప్పేవారు," అంది శ్రీమతి.

"ఎడ్వాన్స్‌డ్ కోర్సు," అన్నాడు స్వీటీ ట్రే తీసుకుపోతూ.

మర్నాడే ఫ్లాటు మాకు ఖాయమైంది. అదే రోజు ఆ భవనం నోటీసు బోర్డులో ఒక సర్క్యులర్ వెలిసింది. అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో నేను చదివాను. "హనీ అను పదము ఇకపై గృహములలోని వయోధికులకు మాత్రమే కేటాయించడమైనది. ఇంతవరకు అనర్హులు వాడుచున్న హనీలను తక్షణమే షుగరుగా సవరించుకొనవలెను. గారు చేర్చుట తప్పనిసరి. రెండవ అంతస్తు వారి స్వీటీ పై వ్యవహారము సంఘము పరిశీలనలో ఉన్నది."

మూడో అంతస్తు కొత్త దంపతులు తమ హనీని వదులుకోలేక అర్జీ కూడా పెట్టుకున్నారట. తోసిపుచ్చారు.

పాత ఇల్లు ఖాళీ చేసిన రోజున అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, నేనూ బావమరిదీ చెరోవైపూ పట్టుకుని మూడంతస్తులూ దించాం. వీధిలో కుర్చీ దించగానే ఆవిడ లేచి నిలబడింది. నడుస్తానంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి గొడుగు బాగుందని చెప్పింది. మొక్కలావిడ చేతులు పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే వచ్చింది. ఇంక రోజూ సాయంత్రం బటన్ నొక్కి కిందికి దిగుతుంది, వీళ్ళందరితో ఇలాగే మాట్లాడుతుంది అనుకుంటూ మొహం తుడుచుకున్నాను.

కొత్త భవనం ముందు అధ్యక్షుడూ, శ్రీమతీ, మరికొందరు నివాసులూ నిలబడి ఉన్నారు.

"వెల్‌కం హనీగారూ," అన్నారంతా ఒక్కసారిగా.

లిఫ్టు తలుపులు అద్దంలా మెరుస్తున్నాయి. చెరోపక్కా ఒక పూలకుండీ ఉంది. నేను బటన్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. మూడోసారి నొక్కబోతుంటే అధ్యక్షుడు నా చెయ్యి సున్నితంగా పట్టుకున్నాడు.

"నొక్కకండి షుగర్‌గారూ. పాడైపోతుంది."

"లిఫ్టా?"

"బటన్. లిఫ్టు ఎప్పుడో పాడైపోయింది."

ఫ్లాటు చూడటానికి వచ్చిన రోజున, "మీరు చూసి రండి, నేనిక్కడే ఉంటాను" అని ఈయనే తలుపు తెరిచి మెట్లు చూపించాడు. అమ్మకు ఇల్లు దొరుకుతోందన్న ఆనందంలో నేను ఐదంతస్తులూ పరిగెత్తుకుంటూ ఎక్కేశాను.

"ఈ సంగతి చెప్పలేదేమండీ?"

"మీరు లిఫ్టు ఉందా అనడిగారు. ఉందన్నాను. ఉంది కదా."

"బాగుచేయించరా?"

"ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలి కదండీ. కట్టినప్పట్నించీ మా భవనంలో ఒక్క ఫిర్యాదు రాలేదు. అదే మా ప్రత్యేకత." ఆయన మొహం వెలిగిపోయింది. "అలాంటి కుటుంబాలనే ఏరి తీసుకుంటాం."

అప్పుడర్థమైంది నాకు మాధుర్య పరిశీలన దేనికో. పైగా ఆయన ఉండేది మొదటి అంతస్తులోనట. అప్పుడే ఆరో అంతస్తు ఆయన రెండు చేతులా సంచులతో, చెమటలు కక్కుతూ మా పక్కనుంచి మెట్లెక్కుతూ, వెనక వస్తున్న భార్యతో, "పర్లేదు షుగర్, వ్యాయామం" అన్నాడు. ఆవిడకు "అవును షుగర్‌గారూ" అనడానికి ఊపిరి అందలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాలిక చివరిదాకా ఏవేవో వచ్చాయి. కాని సామానంతా పొద్దున్నే కూలీలు పైకి చేర్చేశారు, పాత ఇంట్లో తాళం మారిపోయింది, సంఘమంతా నా నోటివైపే చూస్తోంది. నేను ఒళ్ళంతా తేనె పూసుకుని అమ్మవైపు తిరిగాను.

"హనీగారూ, మెల్లిగా ఎక్కేద్దాం. నేను పట్టుకుంటాగా. ఇక్కడేమీ అనకండి."

అమ్మ మెట్లకేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది. ఆ చూపుకు నేను ఒకడుగు వెనక్కి వేశాను. కుర్చీ తెప్పించుకుని లిఫ్టుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

"ఇలా రా నాయనా," అంది అధ్యక్షుణ్ణి. "మీ అమ్మగారు ఎక్కడ?"

"మొదటి అంతస్తులో అండీ. మా హనీగారు బాగానే ఉన్నారు."

"ఆవిడ కిందికి ఎప్పుడొచ్చారు?"

అధ్యక్షుడు పూలకుండీ సర్దడం మొదలుపెట్టాడు. ఆయన శ్రీమతే తలవంచుకుని చెప్పింది. "లిఫ్టు పాడైనప్పట్నించీ రాలేదండి."

అమ్మ మెట్ల సందులోంచి పైకి తలెత్తి పిలిచింది. "వదినగారూ, ఓ వదినగారూ."

చాలాసేపటికి పైన పిట్టగోడ మీంచి ఒక నెరిసిన తల కనిపించింది. "ఎవరూ? నన్నేనా?"

"మిమ్మల్నేనండీ. కొత్తగా దిగాం. ఇన్నాళ్ళూ కిందికి రాలేదేం?"

"లిఫ్టు లేదుగా వదినగారూ. అదే అంటే మా అబ్బాయి, అలా గట్టిగా మాట్లాడకూడదు, భవనం పరువు పోతుందన్నాడు. ఇప్పుడు కొత్తగా హనీగారూ అంటున్నాడు. ఎందుకంటున్నాడో తెలీదు."

"మాట్లాడండి. నేనున్నాగా," అంది అమ్మ.

ఆవిడ ఒక క్షణం తటపటాయించింది. ఆ తర్వాత, ఎన్నాళ్ళు దాచుకుందో గాని, ఒక్క మాట వదిలింది.

"ఒరేయ్."

అధ్యక్షుడు నిటారుగా నిలబడ్డాడు. చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.

"వెధవా, లిఫ్టు బాగుచేయిస్తావా, నన్నే మెట్లమీంచి దొర్లి రమ్మంటావా?"

ఆ ఒక్క ఒరేయ్‌తో ఆనకట్ట తెగింది. అన్ని అంతస్తుల్లోనూ తలుపులు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు స్వీటీ పై, "ఏవయ్యా అధ్యక్షా, నీళ్ళ డబ్బాలు మోసి మోసి నా నడుం విరిగింది" అని అందుకుంది. మూడో అంతస్తు కొత్త పెళ్ళికొడుకు తనకు తెలుగు వచ్చునన్న సంగతి భార్యకు అప్పుడే తెలియజేశాడు. ఆరో అంతస్తు ఆయన నాలుగో అంతస్తులో సంచులు కిందపెట్టి మరీ తిట్టాడు. ఇవన్నీ కాక, అధ్యక్షుడి పక్కనే నిలబడ్డ శ్రీమతి, "ఏవండోయ్, నేనెన్నిసార్లు చెప్పాను" అని మొదలుపెట్టింది. ఇంత జరుగుతుంటే నేనేం చేశానంటారా? అమ్మ కుర్చీ దగ్గర వంగి, "హనీగారూ, కాస్త నెమ్మదిగా, ఫ్లాటు పోతుంది" అని గొణుగుతూనే ఉన్నాను. ఆవిడ వినిపించుకోలేదు.

అధ్యక్షుడు మెకానిక్కుకు ఫోను చేశాడు. అతను ఆ సాయంత్రమే వచ్చాడు, ఏదో చిన్న భాగం మార్చాడు, తలుపులు తెరిచి చూపించాడు. "ఇన్నాళ్ళూ పిలవలేదేమండీ?" అని అడిగాడు.

మొదటగా లిఫ్టులో కిందికి దిగింది అధ్యక్షుడి తల్లి. మా అమ్మ పైకి వెళ్ళనేలేదు. ఫ్లాటు తర్వాత చూడొచ్చులే అంది. ఇద్దరూ చేతులు పట్టుకుని వీధిలోకి నడిచి వెళ్ళిపోయారు. హాల్లో నేనూ, అధ్యక్షుడూ మిగిలాం. ఆయన చొక్కా సర్దుకుని, అధికార స్వరం తెచ్చుకున్నాడు.

"చూడండి షుగర్‌గారూ, ఇవాళ మీ కుటుంబం మొదటి నియమాన్నే ఉల్లంఘించింది. సంఘం దీన్ని చాలా తీవ్రంగా పరిగణిస్తోంది. మీకు నోటీసు ఇవ్వక తప్పదు."

"నన్ను మన్నించండి సార్. మా హనీగారి తరఫున నేను క్షమాపణ పత్రం..." అని నేను చేతులు జోడించబోతున్నాను.

ఇంతలో వీధిలోంచి, "ఒరేయ్" అని కేక వినబడింది.

ఎవరి అమ్మ పిలిచిందో, ఎవర్ని పిలిచిందో తెలియలేదు. ఇద్దరం ఒక్కసారే, "వస్తున్నానమ్మా" అని పరిగెత్తాం.